నలభై రెండు ఆప్షన్లు, ఒక సూట్‌కేసు తాళంచెవి

సింగపూర్‌లో నేను ఉన్నది ఐదు రోజులు. అందులో నాలుగు రోజులు మా బావగారి టీషర్టుల్లో తిరిగాను. ఆయన సన్నగా, పొడుగ్గా ఉంటారు, తెల్లారగానే లేచి పరుగెత్తుతారు. నేను నరసరావుపేటలో ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. బోర్డు మీద రాయడానికి తప్ప చెయ్యెత్తను. మారథాన్ పూర్తి చేసినందుకు ఆయనకిచ్చిన చొక్కా నా పొట్ట మీద ఎలా కూర్చుందో చూపించే ఫొటోలు మా అమ్మాయి దగ్గరున్నాయి. ఎవరికీ పంపొద్దని బతిమాలుకున్నాను. అప్పటికే పంపేసిందట.

టీషర్టుల సంగతికి తర్వాత వస్తాను. ముందు అసలెందుకు వెళ్ళానో చెప్పాలి.

బయలుదేరే ముందు

మా ఊళ్ళో నా దగ్గర లెక్కలు నేర్చుకోని వాళ్ళు కూడా ఒక పని మీద నా దగ్గరికి వస్తారు. ర్యాంకు కార్డు చేతికిచ్చి, "మాస్టారూ, ఇంజినీరింగ్‌లో ఏ బ్రాంచి తీసుకోమంటారు?" అని అడుగుతారు. నేను కార్డు చూస్తాను. కళ్ళజోడు తీసి తుడుస్తాను. దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తాను. అప్పుడు "కంప్యూటర్స్" అంటాను. ఇరవై రెండేళ్ళలో ఇంకో మాట అన్నట్టు గుర్తులేదు.

ఈ ఏడాది మా అమ్మాయి సాహితికి ర్యాంకు వచ్చింది. మంచి ర్యాంకే. "నేను మెకానికల్ చదువుతాను నాన్నా" అంది.

ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. ఏడో తరగతిలో ఉండగానే మిక్సీ మొత్తం విప్పి మళ్ళీ బిగించిన పిల్ల. బిగించాక ఒక మర మిగిలిపోయింది. మిక్సీ ఇప్పటికీ తిరుగుతోంది, ఆ మర మా ఆవిడ పోపుల డబ్బాలో ఉంది. అయినా నాకు భయం వేసింది. క్లాసు నిండా మగపిల్లలు, మూల బెంచీలో ఇద్దరో ముగ్గురో ఆడపిల్లలు. నాలుగేళ్ళయ్యాక ఉద్యోగం ఎక్కడ, ఏ ఫ్యాక్టరీలో? ఇది పైకి చెప్పుకోగలిగిన భయం. రెండోది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఊరందరి పిల్లలనూ కంప్యూటర్స్‌లో చేర్పించిన మాస్టారి కూతురే మెకానికల్‌లో చేరితే, ఇక నేను కిటికీలోంచి ఎంతసేపు చూసినా ఎవరు నమ్ముతారు?

మొహాన వద్దని చెప్పే ధైర్యం లేక ఒక పథకం వేశాను. మా పిన్ని కూతురు పద్మజ సింగపూర్‌లో ఉంటుంది. ఆమె భర్త శ్రీధర్ బావగారిది అక్కడ పెద్ద సాఫ్ట్‌వేర్ కొలువు. "ఇంజినీర్లు ఎక్కడెక్కడ ఏమేం పనులు చేస్తారో కళ్ళారా చూసొద్దాం. చూశాక నువ్వే తేల్చుకో, నేను అడ్డురాను" అని సాహితికి మాటిచ్చాను. అద్దాల మేడలు చూస్తే పిల్ల మనసు మారకపోతుందా అని నా ధీమా. ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వరుసగా నింపే వెబ్ ఆప్షన్లకు ఆదివారం సాయంత్రం ఐదింటి దాకా గడువుంది. ఆలోపు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఫ్రీజ్ నొక్కాక మాత్రం బ్రహ్మదేవుడు కూడా మార్చలేడు.

మాటిచ్చిన మర్నాడే నెట్ సెంటర్‌కి వెళ్ళి, అమ్మాయికి చెప్పకుండా నలభై రెండు ఆప్షన్లు నింపేశాను. ఒకటి నుంచి నలభై రెండు దాకా అన్నీ కంప్యూటర్సే, కాలేజీలే వేరు. ఎందుకైనా మంచిదని ప్రింటు తీయించి సూట్‌కేసులో పెట్టాను. దాని మీద పంచెలు, పంచెల మీద గోంగూర పచ్చడి సీసాలు. కొత్త సూట్‌కేసు, కొత్త తాళం. ఆ చిన్న తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను.

ఆంగ్ మో కియో, పన్నెండో అంతస్తు

పద్మజ వాళ్ళ ఫ్లాటు ఆంగ్ మో కియో అనే పేటలో. ప్రభుత్వం కట్టిన ఇళ్ళంటే నా మనసులో ఉన్న బొమ్మ వేరు. ఇక్కడ పన్నెండు అంతస్తుల మేడలు వరసగా నిలబడి ఉన్నాయి, ప్రతి మేడ ఒంటి మీదా పెద్ద అంకె. మేడ కింద అంతా ఖాళీ, రాతి బల్లల దగ్గర ముసలివాళ్ళు చదరంగం లాంటిదేదో ఆడుకుంటున్నారు. గోడ మీద ఏమేం చేయకూడదో బొమ్మలు. సైకిల్ తొక్కకూడదు, బంతి ఆడకూడదు, ఉమ్మకూడదు. నేను అప్రయత్నంగా నోరు మూసుకున్నాను.

లిఫ్టులో తాళంచెవి ఉందో లేదో చూసుకుందామని జేబులోంచి తీశాను. విమానంలో కూడా గంటకోసారి తీసి చూసుకుంటూనే ఉన్నాను. పన్నెండో అంతస్తులో తలుపు తెరుచుకోగానే ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చేత్తో సంచి లాగాను.

"నాన్నా, ఏదో పడింది. టింగుమంది" అంది సాహితి.

"సింగపూర్ లిఫ్టమ్మా, అట్లాగే మోగుతుంది. పద పద."

ఇంట్లోకి వెళ్ళాక జేబు తడుముకుంటే తాళంచెవి లేదు. సంచీలన్నీ దులిపాం. "లిఫ్టులో పడిందని చెప్పాను కదా నాన్నా" అని సాహితి మళ్ళీ అంది. వెళ్ళి చూశాను. లిఫ్టులో చీపురుపుల్ల కూడా లేదు, అద్దంలా ఉంది. "చూశావా?" అన్నాను విజయగర్వంతో. బావగారు సుత్తి తెచ్చారు.

"వద్దు బావగారూ, సూట్‌కేసు కొత్తది" అని అడ్డుపడ్డాను. అసలు సంగతి వేరు. ఆ సూట్‌కేసు సాహితి ఎదురుగా తెరవడం నాకిష్టం లేదు.

"అయితే బట్టలు?" అంది పద్మజ.

పద్మజ కూతురు అనికకు తొమ్మిదేళ్ళు, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతుంది. వాళ్ళ నాన్న టీషర్టు తెచ్చి నా పొట్టకు ఆనించి కొలిచి, "కెనాట్ లా, అంకుల్. టూ స్మాల్" అంది. కానీ వేరే దారి లేదు.

వన్-నార్త్: ఇరవై నిమిషాల జవాబు

గురువారం బావగారి ఆఫీసుకు. వన్-నార్త్ అనే ఆ పేటలో ఎటు చూసినా అద్దాల మేడలు, మధ్యలో చెట్లు, చెట్ల కింద మెడలో కార్డులు వేలాడేసుకున్న మనుషులు. లోపల కూర్చోవడానికి కుర్చీలు మానేసి బస్తాలు వేశారు. కాఫీ ఏడు డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూడొద్దని పద్మజ ముందే చెప్పింది. మార్చాను. గుటక దిగలేదు. ఎదురుపడ్డ ఒక చైనా ఆయన నా టీషర్టు మీది అక్షరాలు చదివి, నా పొట్ట వంక చూసి, ఎంతో గౌరవంగా చేతులు కలిపి వెళ్ళాడు.

ఇక పిల్ల మనసు మారే ఘడియ వచ్చిందనుకుని, "మామయ్యను అడుగు, ఆయన ఉద్యోగం ఎట్లా ఉంటుందో" అన్నాను.

"మామయ్యా, పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికెళ్ళే లోపు మీరు ఏం తయారుచేస్తారు?"

బావగారు కుర్చీబస్తాలో సర్దుకున్నారు. "తయారు అని కాదమ్మా. నా కింద నాలుగు టీములు. ఆ నాలుగింటినీ అలైన్ చేస్తాను."

"అలైన్ అంటే?"

"ఒక టీమ్ ఏం చేస్తోందో ఇంకో టీమ్‌కి తెలియాలి కదా. అది నేను చెప్తాను."

"వాళ్ళే చెప్పుకోవచ్చు కదా మామయ్యా?"

బావగారు ఇరవై నిమిషాలు వివరించారు. తెల్లబోర్డు మీద గళ్ళు గీశారు, గళ్ళ మధ్య బాణాలు వేశారు. నాకు సగం కూడా అర్థం కాలేదు, అర్థమైనట్టు తలాడించాను. ఆయన పని చిన్నదని నేననను, ఆ జీతంతోనే పద్మజ సంసారం చల్లగా ఉంది. కానీ చివరికి బోర్డు తుడుస్తూ ఆయన అన్న మాట నా పథకంలో లేనిది. "నేను చదివింది సివిల్ అమ్మా. ఫైనలియర్లో ఐస్‌క్రీమ్ పుల్లలతో ఒక బ్రిడ్జి మోడల్ చేశాను. ముప్పై కిలోలు పెట్టినా విరగలేదు. ఇప్పటికీ మా అమ్మ దాన్ని టీవీ మీద పెట్టుకుంది."

ఆ బ్రిడ్జి గురించి సాహితి తిరుగు రైలంతా అడుగుతూనే ఉంది. ఆయన మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఇదేదో తేడా కొడుతోందని నాకప్పుడే అనుమానం వచ్చింది.

మరిచిపోయిన టిష్యూ ప్యాకెట్టు

శుక్రవారం మధ్యాహ్నం పద్మజ, బావగారు ఆఫీసులకు వెళ్ళారు. నేనూ సాహితీ ఇంటి దగ్గరి హాకర్ సెంటర్‌కి వెళ్ళాం. పెద్ద కప్పు కింద నలభై యాభై తిండి కొట్లు, మధ్యలో బల్లలు. భోజనాల వేళ ఒక్క బల్లా ఖాళీ లేదు. అదృష్టం కొద్దీ ఒకటి కనబడింది. దాని మీద ఎవరో పాపం టిష్యూ కాగితాల ప్యాకెట్టు మరిచిపోయారు. బడిలో పెన్నులు దొరికితే స్టాఫ్‌రూములో ఇచ్చే అలవాటు నాది. ప్యాకెట్టు పట్టుకెళ్ళి పక్క కొట్లో నూడుల్స్ వేయిస్తున్న పెద్దాయనకు అప్పగించాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి ఏదో చైనా మాట అన్నాడు. ధన్యవాదాలు అనుకుని తిరిగొచ్చి కూర్చున్నాను.

అప్పుడొచ్చింది, చేతిలో అన్నం పళ్ళెంతో ఒకావిడ. ముప్పై ఐదేళ్ళుంటాయి. తలకు స్కార్ఫు, కాళ్ళకు లావుపాటి బూట్లు, చొక్కా చేతి మీద గ్రీజు మరక. ఇంగ్లీషులో అడిగింది, ఇక్కడ పెట్టిన టిష్యూలు ఏమయ్యాయని.

"అమ్మో, ఎవరివో తెలియక ఇచ్చేశానే" అని నేను సాహితితో గొణిగాను.

ఆవిడ మొహం విచ్చుకుంది. "తెలుగోళ్ళా సార్? గట్ల టిష్యూ పెట్టిన్రంటే సీటు నాది అని అర్థం. ఈడ దాన్ని చోప్ అంటరు. బస్సు కిటికీలకెల్లి మనం రుమాలు ఏస్తం చూడు, గదే."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో అంతగా పప్పులో కాలేసింది అదే. లేవబోయాను. "కూసోండి, కూసోండి" అని ఆవిడే బలవంతాన కూర్చోబెట్టింది. పేరు సమీనా. హైదరాబాద్ ఆవిడ. పద్మజ వాళ్ళున్న చుట్టుపక్కల మేడలన్నింటి లిఫ్టుల మరమ్మతు చూసే కంపెనీలో ఇంజినీరు.

"ఏ బ్రాంచి?" అన్నాను. నోటికి అలవాటైన ప్రశ్న.

"మెకానికల్ సార్."

సాహితి చెంచా పక్కన పెట్టేసింది. ఆ తర్వాత నేను మాట్లాడే సందు దొరకలేదు. సమీనా మెడలోని గుర్తింపు కార్డు తాడు తీసి నీళ్ళసీసా మీదుగా వేసి, ఒక కొసకు కార్డు, ఇంకో కొసకు నేను అప్పగించి మళ్ళీ తెచ్చిన టిష్యూ ప్యాకెట్టు కట్టింది. "ఇది మనుషులుండే డబ్బా. ఇది బరువు. ఇది దిగితే అది ఎక్కుతది. మోటారుకు సగం పని తప్పుతది, అంతే."

"తాడు తెగితే?" అంది సాహితి.

"ఒక్క తాడు కాదు బేటా, నాలుగైదు ఉంటయి. అన్ని తెగినా డబ్బా జెర స్పీడు ఎక్కంగనే కింద బ్రేకు పట్టాలను పట్టేస్తది. దబ్బున పడేది సిన్మాలల్లనే."

ఇదంతా ఐదు నిమిషాలు. నాకు కూడా అర్థమైంది, అదే నన్ను భయపెట్టింది. అందుకని ఆయుధం తీశాను. "ఆడపిల్లలకు కష్టం కదమ్మా ఈ పని?"

"కష్టమే సార్, అబద్ధం ఎందుకు చెప్తా. మా క్లాసుల ముగ్గురం అమ్మాయిలం. ఒకామె బ్యాంకుల ఉన్నది, ఒకామె సాఫ్ట్‌వేర్. నేనొక్కదాన్నే గ్రీజుల పడ్డ. మొదట్ల నన్ను చూసి ఇంజినీరు ఎప్పుడొస్తడని అడిగేటోళ్ళు." ఆవిడ నవ్వింది. "ఇప్పుడు లిఫ్టు ఆగితే నా పేరు పెట్టి తిడతరు. గది ప్రమోషనే కదా."

జీతం ఎంతని అడిగాను. "ముందు అన్నం తినుండ్రి సార్, సల్లారిపోతది" అంది.

ఇంటికి తిరిగొస్తుంటే లిఫ్టు తలుపు మూసుకోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ తెరుచుకుంది. "నాన్నా, కింద గీసుకుంటున్న శబ్దం వింటున్నావా? తలుపు జారే గాడిలో ఏదో ఉంది" అంది సాహితి.

"ఒక్క పూటలో ఇంజినీరువైపోయావా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, అది పన్నెండో అంతస్తు దాకా ఆ గాడి వంకే చూస్తూ నిలబడింది.

ఆదివారం, లిటిల్ ఇండియా

శనివారం వానకే ఇచ్చేశాం. ఆదివారం పొద్దున లిటిల్ ఇండియా. వారమంతా ఎక్కడెక్కడో పనిచేసే మనవాళ్ళంతా ఆ పూట సెరంగూన్ రోడ్డు మీదే ఉంటారు. మల్లెపూల వాసన, డబ్బు పంపే దుకాణాల ముందు వరసలు, పేవ్‌మెంటు మీద అడుగు తీసి అడుగు వేయలేని జనం. మొదటిసారి ఊపిరి హాయిగా ఆడింది.

అరిటాకు భోజనం పెట్టే హోటల్లో పొడుగు బల్ల దగ్గర చోటు దొరికింది. ఈసారి టిష్యూ ఉందేమో బల్ల కింద కూడా చూశాను. ఎదురుగా నలుగురు తెలుగువాళ్ళు. ఇదే ఆఖరి అవకాశం, రేపు విమానం ఎక్కాలి. సాహితికి వినబడేలా ఒక్కొక్కరినీ బ్రాంచి అడిగాను. మొదటాయన సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. రెండో ఆయన ఎలక్ట్రానిక్స్ చదివి సాఫ్ట్‌వేర్. మూడో ఆయన మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్. "విన్నావా? ఏది చదివినా అక్కడికే" అన్నట్టు అమ్మాయి వైపు చూశాను.

నాలుగో ఆయన సాంబారు కలుపుకుంటూ తలెత్తాడు. శ్రీకాకుళం ఆయన, ఓడలు కట్టే చోట పని. "నాను ఐటీఐలో వెల్డింగు సదివినాను మాస్టారూ. ఇక్కడా వెల్డింగే సేత్తన్నాను."

మిగతా ముగ్గురూ ఆయన వైపు ఒక్క క్షణం అదోలా చూశారు. తర్వాత అప్పడాలు నమిలారు.

తాళంచెవి

మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చేసరికి మేడ కింద పది మంది పోగై ఉన్నారు. లిఫ్టు ఆగిపోయింది. కూరగాయల బండి పట్టుకుని ఒక చైనా ముసలావిడ రాతి బల్ల మీద కూర్చుని విసురుకుంటోంది. ఆవిడ ఇల్లు పదకొండో అంతస్తులో. మోకాళ్ళ నొప్పులట, మెట్లెక్కలేదు. గంట నుంచి అక్కడే ఉంది. పద్మజ, బావగారు, అనిక కూడా కిందే ఉన్నారు.

లిఫ్టు గడప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నది సమీనా. ఈ ఆదివారం డ్యూటీ తనదే. సాహితి పరుగున వెళ్ళి, "మేడమ్, బుధవారం నుంచి తలుపు గాడిలో గీసుకుంటోంది. పన్నెండో అంతస్తులో మొదలైంది" అంది.

"గట్లనా?" అని సమీనా టార్చి వేసి, సన్నటి స్క్రూడ్రైవరు గాడిలో దూర్చి మెల్లగా కదిలించింది. ఐదు నిమిషాల తర్వాత నలిగిన చిన్న ఇనపముక్క ఒకటి వేళ్ళతో పైకెత్తింది. "గిదెవరిది?"

నా సూట్‌కేసు తాళంచెవి.

అంతమంది మధ్య మారథాన్ టీషర్టులో మెల్లగా ఆవిడ పక్కకు జరిగాను. ఉమ్మితేనే జరిమానా వేసే ఊళ్ళో లిఫ్టు ఆపినందుకు ఎంత ఉంటుందో! "సమీనా గారూ... ఫైన్ ఎంత?" అని చెవిలో అడిగాను.

"ఫైన్ లేదు సార్. ఇంటికాడి పచ్చడేమన్న ఉంటే ఒక సీసా ఇయ్యుండ్రి."

తలుపు మూసి తెరిచి పదిసార్లు చూశాక లిఫ్టు కదిలింది. "ఓకే ఆల్రెడీ ఆ?" అంటూ ముసలావిడ లేచి, బండిలోంచి రెండు కమలాపళ్ళు తీసి సమీనా చేతిలో పెట్టింది. సమీనా వద్దంటే, గట్టిగా కోప్పడి మరీ పెట్టింది.

"బావగారూ, మీకెప్పుడైనా ఎవరైనా ఇట్లా ఇచ్చారా?" అన్నాను.

బావగారు నిజాయితీగా ఆలోచించారు. "ఒకసారి మెసేజ్‌లో బొటనవేలు బొమ్మ పెట్టారు."

సమీనా ఒక పండు సాహితికి ఇచ్చింది. "తలుపు గాడిల అని ఈమె చెప్పిందానికి జల్ది దొరికింది. లేకుంటే పైనుంచి కిందికి వెతకాల్సొచ్చేది."

నా కూతురు ఆ పండును రెండు చేతులతో పట్టుకుంది. మొదటి రోజే విన్నది అది. మూడుసార్లు చెప్పింది. నేను ఒక్కసారీ వినిపించుకోలేదు. మేడ కింద నిలబడి నాకు నిజంగా సిగ్గేసింది.

నలభై రెండు

వంగిన తాళంచెవిని సాహితే పటకారుతో సరిచేసింది. సూట్‌కేసు తెరిచే హడావుడిలో అడుగున ఏముందో నేనే మరిచిపోయాను. ఒక సీసా మూత వదులై నూనె కారింది. సమీనాకు ఇవ్వడానికి బాగున్న సీసా వెతుకుతూ సాహితి అడుగు దాకా వెళ్ళింది. ఎర్రగా నూనె పీల్చిన కాగితం బయటికి తీసింది.

మొదటి నుంచి చివరిదాకా చదివింది. పద్మజ అనికను తీసుకుని మెల్లగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"అమ్మా, అది..." అన్నాను.

"నాకు తెలుసు నాన్నా. సూట్‌కేసు సర్దేటప్పుడు అమ్మ చూసి, విమానం ఎక్కకముందే చెప్పింది."

"తెలిసీ ఎందుకొచ్చావు మరి?"

"నువ్వు చూస్తావని" అంది.

ఎన్నో క్లాసులు చెప్పినవాణ్ణి, మా అమ్మాయి నన్ను ఐదు రోజులు ముందు బెంచీలో కూర్చోబెట్టి పాఠం చెప్పిందని తెలుసుకోలేకపోయాను.

గడువు మా ఊరి లెక్కన ఐదు, అంటే సింగపూర్‌లో ఏడున్నర. బావగారి కంప్యూటర్ తెరిచాను. ఓటీపీ నా నంబరుకు వస్తుంది. ఆ సిమ్ మా ఆవిడ ఫోన్లో వేసి వచ్చాను. వీడియోలో పిలిచి అడిగితే, "మళ్ళీనా? శుక్రవారం దానికొకటి చెప్పానుగా!" అంది.

సైటు తెరుచుకుంది. మొదటి ఆప్షన్ మెకానికల్. రెండు, మూడు, నాలుగు కూడా మెకానికలే. అన్నీ శుక్రవారమే మార్చేసింది, సమీనాతో భోంచేసి వచ్చాక. కింద ఫ్రీజ్ బటన్ మాత్రం నొక్కలేదు.

"ఇదెందుకు వదిలేశావు?"

"నువ్వు మాటిచ్చావు కదా నాన్నా, అడ్డురానని. నాకు తెలియకుండా నువ్వు నింపావు. నేను నీకు తెలియకుండా ఫ్రీజ్ చేయకూడదనుకున్నాను." నూనె అంటిన వేళ్ళు ఆ కాగితానికే తుడుచుకుంది. "నువ్వు వద్దంటే... ఏం చేస్తానో నాకూ తెలియదు."

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఈసారి నిజంగానే మసకబారింది. కిటికీలోంచి బయటికి చూశాను. అలవాటైన మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"మెకానికల్" అని, ఫ్రీజ్ నొక్కాను. ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

మా ఆవిడ ఫోన్లోంచి, "అయితే పోపుల డబ్బాలో మర దానికి ఇచ్చెయ్యనా?" అంది. సాహితి నవ్వింది, ఏడ్చింది, ఏది ముందో చెప్పలేను.

సోమవారం పొద్దున నా చొక్కా నేను తొడుక్కుని, సూట్‌కేసుతో లిఫ్టు ఎక్కాను. తలుపులు మూసుకున్నాయి. చెవి రిక్కించి విన్నాను గానీ నాకేమీ వినబడలేదు. నా చెవుల మీద నాకు నమ్మకం పోయింది.

"ఏమన్నా వినిపిస్తోందా అమ్మా?" అన్నాను.

సాహితి తల వంచి, కళ్ళు మూసుకుని, పన్నెండో అంతస్తు నుంచి కింద దాకా విన్నది. "లేదు నాన్నా, బాగుంది" అంది.

అయితే బాగున్నట్టే.